పాపాయి కుడిచెయ్యి, పసుప్పచ్చ టేపు

ఆత్రేయపురంలో పాపాయి ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు దారులు చెబుతారు. పాపాయి చెయ్యి గురించి అడిగితే మాత్రం నలుగురిదీ ఒకటే మాట: "ఆవిడ రేకు తీసిందంటే గాలి కూడా అడిగి పోవాలండి."

ఆ చెయ్యి కుడిది. వయసు యాభై ఆరు. అందులో ముప్పై ఎనిమిదేళ్లు పూతరేకుల కుండ ముందే గడిచాయి. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన గిన్నెలో నీళ్లకు అన్నదమ్ములా ఉండే పల్చటి బియ్యప్పిండి. అందులో ముంచిన తడిగుడ్డను కుండ మీద పరిచి ఒక్క విసురులో లాగేస్తే, రెప్పపాటులో తెల్లటి పొర ఒకటి కుండను వదిలి లేస్తుంది. ఈ వాక్యం చదవడానికి పట్టినంతసేపట్లో పాపాయి మూడు రేకులు తీసి పక్కన పెట్టగలదు. నాలుగోది కూడా తీయగలదు గాని, మధ్యలో మొగుణ్ణి ఒకసారి కసరాలి కదా.

మొగుడు వీరాస్వామి. కొబ్బరాకులు ఎండబెట్టి, మంట ఎగదోసి, భార్య చేతి గొప్పతనాన్ని ఊళ్లో చెప్పుకురావడం ఆయన వృత్తి. మూడింట్లోకీ మూడోదే ఎక్కువ శ్రద్ధగా చేస్తాడు.

ఊళ్లో రేకులు తీసే ఆడవాళ్లకు ఒక సంఘం ఉంది. దానికి అధ్యక్షురాలు సీతారామలక్ష్మి టీచర్ గారు. ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి ఉద్యోగం విరమించారు గాని, పరీక్షలు పెట్టడం విరమించలేదు. రేకు నాణ్యతకు ఆవిడ కనిపెట్టిన పరీక్ష ఇది. రేకును దినపత్రిక మీద పరుస్తారు. కళ్లజోడు సవరించుకుంటారు. రేకులోంచి పెద్ద శీర్షిక కనిపిస్తే పాసు. వార్త కనిపిస్తే ఫస్టు క్లాసు. పెళ్లిసంబంధాల ప్రకటనల్లో చీమ తలకాయంత అక్షరాలు కనిపిస్తే, ఆ చేతికి ఆ ఏడు తిరుగులేదు. రాజమండ్రిలో ఏటా జరిగే చేతిపనుల మేళాలో సంఘం తరఫున కుండ ముందు కూర్చుని, వచ్చినవాళ్లందరి ముందూ రేకులు తీసే గౌరవం ఆ చేతిదే.

ఏడేళ్లుగా అది పాపాయి చెయ్యి. ఎన్ని పెళ్లిళ్లు ఆవిడ రేకుల మీదుగా కుదిరాయో చెప్పలేం గాని, టీచర్ గారు మాత్రం చాలా సంబంధాలు చదివారు.

కార్తికమాసంలో ఆర్డర్లు ముంచెత్తినప్పుడు ఆ చెయ్యి మొదటిసారి మూలిగింది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, ఎవరో సూదితో పలకరించినట్టు. పాపాయి పట్టించుకోలేదు. సూది దబ్బనమయ్యింది. వేన్నీళ్ల కాపడం పెట్టింది, వావిలాకు కట్టింది, వీరాస్వామిని తిట్టింది. మూడోదానివల్ల కొంచెం ఉపశమనం కలిగింది గాని, నిలవలేదు.

మాఘమాసంలో ఒకరోజు రేకు మధ్యలో చిరిగింది. తర్వాతిది అంచు దగ్గర దళసరిగా వచ్చింది. ఆ తర్వాతిది కుండకే అతుక్కుపోయింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్నడూ జరగని ఈ మూడు దుర్ఘటనలకూ ప్రత్యక్షసాక్షి ఆవిడ తోటికోడలు హైమవతి. ఆవిడా రేకులు తీస్తుంది. ఆవిడ రేకుల్లోంచి వార్తలు చక్కగా కనిపిస్తాయి. పెళ్లిసంబంధాలు మాత్రం ఏడేళ్లుగా కుదరడం లేదు.

"అయ్యో, చెయ్యి నొప్పా అక్కా?" అంది హైమవతి, కళ్లనిండా జాలితో. "ఏం పర్లేదక్కా. మేళాకి ఇంకా ఆరు వారాలుంది. నువ్వు రెస్టు తీసుకో. రాజమండ్రి సంగతి నేను చూసుకుంటాగా."

ఆ రాత్రి పాపాయికి పట్టిన జ్వరానికి కారణం చెయ్యి కాదు.

మర్నాడు పొద్దున్నే వీరాస్వామి మోపెడ్డు మీద ఇద్దరూ రావులపాలెం వెళ్లారు. అరటి మార్కెట్టుకు అవతలి సందులో, మేడ మీద, ఫిజియోథెరపీ క్లినిక్కు. అందులో డాక్టరు శ్రీసుధ. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. గెలలు మోసి భుజాలు పట్టేసినవాళ్లు, కొబ్బరిచెట్టు దిగబోయి జారినవాళ్లు, షటిల్ ఆడి మోకాలు తిప్పుకున్నవాళ్లు అందరూ ఆవిడ బల్లల మీద సమానహోదాలో పడుకుని ఉంటారు.

"బొటనవేలు గుప్పిట్లో పెట్టి మూయండి. ఇప్పుడు చేతిని చిటికెనవేలి వైపు వంచండి."

"అయ్‌బాబోయ్!" అంది పాపాయి.

"సరే, తెలిసింది," అంది శ్రీసుధ, పరీక్ష పేపరు సులువుగా వచ్చిన విద్యార్థిలా. "కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాళ్లుంటాయండి. మీ బొటనవేలివి రెండు తాళ్లు మణికట్టు దగ్గర ఒక సన్నటి గొట్టంలోంచి వెళ్తాయి. రోజుకి వెయ్యిసార్లు ఆ విసురు విసిరితే అవి లోపల రాసుకుని రాసుకుని వాస్తాయి."

"నూతి గిలక తాడులాగన్నమాట," అన్నాడు వీరాస్వామి.

"అంతేనండి. రెండు వారాలు కుండ ముందు కూర్చోకుండా ఉంటారా?"

భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు వారాలు ఊపిరి తీసుకోకుండా ఉంటారా అని అడిగినట్టుంది వాళ్లకు.

"సగానికి తగ్గించుకుంటాదండి," అని వీరాస్వామి బేరం పెట్టాడు.

"పావు వంతుకి," అంది శ్రీసుధ. బేరం అక్కడ తెగింది. అప్పుడు ఆవిడ సొరుగులోంచి ఒక చుట్ట తీసింది. వెడల్పు రెండంగుళాలు, రంగు పసుప్పచ్చ. లాగితే రబ్బరులా సాగే నూలుగుడ్డ, వెనక బంక. కత్తిరించి, నాలుగు మూలలూ గుండ్రంగా చేసింది.

"మూలలెందుకు కత్తిరించారండీ?" అని అడిగింది పాపాయి.

"మూల ఉంటే చీరకో దేనికో తగులుకుని ముందు అక్కడే లేస్తుందండి."

పాపాయి తల పంకించింది. రేకు కూడా మూల దగ్గరే లేస్తుంది. ఈ పిల్లకు పని తెలుసు.

శ్రీసుధ ఒక కొసను బొటనవేలి గోరు కింద సాగదీయకుండా అంటించింది. మధ్యభాగాన్ని మాత్రం కొంచెం సాగదీసి నొప్పి మీదుగా తీసుకెళ్లి, రెండో కొసను మళ్లీ సాగదీయకుండా ముంజేతి మీద దించింది. తర్వాత టేపంతా అరచేత్తో గట్టిగా రుద్దింది. వేడికి బంక పట్టుకుంటుందట. "మూడు నాలుగు రోజులుంటుంది. స్నానం చెయ్యొచ్చు, తువ్వాలుతో అద్దుకోండి చాలు. దురద పెడితే వెంటనే తీసేయండి."

"దీంతో తగ్గిపోద్దాండీ?"

"దీంతోనే తగ్గదండి. దీనికి మహిమలేమీ లేవు," అంది శ్రీసుధ. "సిమెంటు కట్టయితే చేతిని కదలనివ్వదు. ఇది కదలనిస్తుంది. చర్మాన్ని కొంచెం పట్టుకుని ఉంటుంది కాబట్టి మీరు మరీ వంచబోతే, 'పాపాయి గారూ, మెల్లగా' అని గుర్తుచేస్తుంది. నొప్పి కాస్త తగ్గితే చేతిని సరిగ్గా ఆడించగలుగుతారు. బాగుచేసేది మాత్రం కసరత్తులూ, విశ్రాంతీను. టేపు తోడు, అంతే."

చెయ్యెత్తి అటూ ఇటూ తిప్పింది పాపాయి. ఎవరో చల్లటి చేత్తో పట్టుకున్నట్టుంది. దబ్బనం సూదయ్యింది.

"తోడంటే నీలాగ కాదు, మాట్టాడకుండా పనిచేత్తంది," అని మొగుడితో అంది.

పసుప్పచ్చ టేపు ఊళ్లో ప్రవేశించిన వైభవం వర్ణించదగ్గది. కొందరు తాయెత్తన్నారు. కొందరు ఎముక విరిగిందన్నారు. వీరాస్వామి మాత్రం క్రికెటర్లు కట్టుకునేది ఇదేనని టీ కొట్టు దగ్గర ప్రకటించి, భార్యను జాతీయజట్టులో చేర్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ వైభవం ఊడి పిండిగిన్నెలో పడింది.

మళ్లీ రావులపాలెం. మళ్లీ టేపు. ఈసారి ఇంకాస్త పొడుగు. మర్నాడు పదకొండింటికల్లా ఒక కొస లేచింది, పన్నెండింటికి రెండోది లేచింది, ఒంటిగంటకు హైమవతి వచ్చి దాన్ని అరుగు మీంచి తీసి, "అక్కా, నీ క్రికెట్టు ఇక్కడ పడిపోయింది," అని అందించింది.

మూడోసారి వెళ్లేటప్పటికి శ్రీసుధకు పట్టుదల వచ్చింది. గెలలు మోసే మనిషి భుజం మీద, చెమటకూ ఎండకూ తట్టుకుని నాలుగు రోజులుండే టేపు, ఈవిడ చేతి మీద పూట నిలవకపోవడం వృత్తికే అవమానం.

"నీళ్లలో నానబెడుతున్నారా?"

"లేదండి."

"చెమట పడుతుందా?"

"నుదుటికి పడుద్దండి. చేతికి పట్టదు."

"క్రీములేమైనా రాస్తున్నారా?"

"ఛఛ, క్రీములా! మా వంశంలో లేదండి."

పాపాయి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆ సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగినదాంట్లో ఆవిడ నిజాయితీకి మచ్చ రాకూడదు.

"ఈ ఆదివారం నేనే మీ ఇంటికొస్తాను," అంది శ్రీసుధ. "మీరు పని చేసేటప్పుడు చూడాలి."

ఆదివారం పొద్దున్న ఏడింటికి స్కూటీ మీద దిగింది. పాపాయి చేతికి కొత్త టేపు అంటించింది, కాఫీ ఇస్తే తాగింది, వద్దంటూనే రెండు పూతరేకులు తింది, పీట వేసుకుని కూర్చుంది. పక్కింటినుంచి హైమవతి కూడా వచ్చి, శాస్త్రపరిశోధనకు తనవంతు సాయంగా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

పాపాయి పని మొదలుపెట్టింది. వీరాస్వామి మంట వేశాడు. కుండ వేడెక్కింది. పాపాయి నూనెగుడ్డతో కుండను నాలుగు పక్కలా తుడిచింది. తర్వాత, ఏమాత్రం ఆగకుండా, ఏమాత్రం ఆలోచించకుండా, అదే నూనెగుడ్డతో కుడిచేతిని వేళ్లనుంచి మోచేతి దాకా తళతళలాడేట్టు పామేసింది. కొత్త టేపు మీదుగా.

"ఆగండాగండి!" శ్రీసుధ పీటమీంచి లేచింది. "అదేంటండీ రాశారు?"

"ఏం రాశానండీ?"

"చేతికి!"

పాపాయి చెయ్యి చూసుకుంది. నిజంగానే ఏదో రాసి ఉంది. "ఓ, ఇదా. నూనండి. కుండకి రాశాకా చేతికి రాసుకోవాలి కదండీ. సెగ తగలకుండా. మా అత్తగారు నేర్పారు. కుండకి ముందు, చేతికి తరవాత."

"మరి ఏమైనా రాస్తున్నారా అని అడిగితే లేదన్నారు?"

"క్రీము రాత్తున్నారా అన్నారు. ఇది క్రీము కాదు కదండీ. ఇది రోజూ రాసుకునేదే."

ముప్పై ఎనిమిదేళ్లుగా దండం పెట్టుకున్నంత మామూలుగా చేస్తున్న పనిని ఎవరూ రాయడం అనరు. పొద్దున్న ఏం చేశావంటే రెప్ప వేశానని చెబుతామా?

శ్రీసుధ తల పట్టుకుని కూర్చుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే బ్యాగులోంచి టేపు పెట్టె తీసి, దాని వెనక సన్నటి అక్షరాలు చూపించింది.

"దీన్ని ఊడదీయాలంటే ఏం చెయ్యాలో ఇక్కడ రాసుంటుందండి, పాపాయి గారూ. నూనె రాసి, పది నిమిషాలాగి, మెల్లగా లాగమని."

"అయితే నేను పద్ధతిగానే తీసేత్తున్నానన్నమాట," అంది పాపాయి.

వీరాస్వామి కొబ్బరాకు పక్కనపెట్టి బయటికి వెళ్లిపోయాడు. పెరట్లోంచి చాలాసేపు దగ్గు వినిపించింది.

ఆరోజు శ్రీసుధ మరో రెండు తప్పులు పట్టుకుంది. కుండ మరీ కిందికుంది, అందువల్ల గుడ్డ లాగిన ప్రతిసారీ మణికట్టు మెలిపడుతోంది. రెండోది ఆ విసురే. మణికట్టుతో కాకుండా మోచేతినుంచి లాగాలి.

"విసురు మారితే రేకు మారిపోద్దండి," అంది పాపాయి. తడిగుడ్డను గిన్నె అంచున పెట్టేసింది. "అది మా అత్తగారి విసురు."

"మీ అత్తగారు రోజుకి ఎన్ని రేకులు తీసేవారు?"

పాపాయి ఆలోచించింది. పండక్కీ పెళ్లికీ తప్ప ఆవిడ కుండ ముందు కూర్చున్నది లేదు. రోజుకు వెయ్యి కొరియర్లో పంపే కాలం కాదది.

"ఆవిడ విసురు ఆవిడ లెక్కకి సరిపోయిందండి," అంది శ్రీసుధ మెత్తగా.

మర్నాడు వీరాస్వామి నాలుగిటుకలు పెట్టి పొయ్యి ఎత్తు పెంచాడు. చేతిని సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, పని మొదలుపెట్టడానికి గంట ముందే టేపు అంటించారు. సెగ ఆపడానికి టేపు లేనిచోట మాత్రం నూనె, దాని మీదుగా పాత కాటన్ చొక్కా చెయ్యి ఒకటి. ఈసారి టేపు నాలుగు రోజులుంది. నాలుగోరోజు నూనె రాసి దాన్ని సగౌరవంగా సాగనంపారు.

పొద్దునా సాయంత్రం కసరత్తులు. అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని మణికట్టును పైకెత్తి, అయిదు లెక్కపెట్టేదాకా మెల్లగా దించాలి. లెక్క వీరాస్వామిది. మూడు దగ్గరకొచ్చేసరికి ఎవరో ఒకరు పలకరించేవారు, ఆయన కబుర్లలో పడేవాడు, పాపాయి సీసా గాల్లోనే ఉండిపోయేది. "నాలుగనవేం, చచ్చినోడా!" అని వీధిదాకా వినిపిస్తే కసరత్తు నడుస్తోందని ఊరు అర్థం చేసుకునేది.

చెయ్యికి పని తగ్గేసరికి నోటికి పెరిగింది. మిగతా ముప్పావు వంతు ఆర్డర్లూ హైమవతి తీస్తోంది. పాపాయి పక్కన కూర్చుని, "గుడ్డ ఇంకొంచెం పిండు", "మంట చూడు", "లాగేటప్పుడు ఊపిరి బిగబట్టకే" అంటూ ముప్పై ఎనిమిదేళ్ల రహస్యాలు ధారపోసింది. పోటీదారుకు విద్య నేర్పుతున్న సంగతి ఆవిడకు తెలియకపోలేదు. చెడ్డ రేకు కళ్లముందు పడితే ఊరుకోలేకపోయింది, అంతే.

ఆరోవారం వచ్చింది. సంఘం పరీక్ష. సీతారామలక్ష్మి టీచర్ గారి వసారాలో రెండు కుండలు, ఒక దినపత్రిక, పదిహేనుమంది ఆడవాళ్లు. ఆదివారం కాబట్టి శ్రీసుధ కూడా వచ్చింది. పాపాయి కుండ కింద నాలుగిటుకలున్నాయి. పాపాయి చేతికి టేపుంది.

ముందు హైమవతి. రేకు లేచింది. టీచర్ గారు పత్రిక మీద పరిచి కళ్లజోడు సవరించుకున్నారు. వార్త కనిపించింది. ప్రకటనల వైపు జరిపారు. "ఇరవై తొమ్మిదేళ్ల... అయిదడుగుల ఎనిమిదంగుళాల... భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం గల..." వసారాలో ఉన్నవాళ్లంతా ముందుకు వంగారు. హైమవతి రేకులోంచి మొట్టమొదటిసారి ఒక పెళ్లికొడుకు తొంగిచూస్తున్నాడు. "...వరునికి... తగిన..." అక్కడ మసకేసింది.

"తగిన ఏంటో కనబడ్డం లేదమ్మా. అయినా చాలా మెరుగు!"

ఇక పాపాయి. ఆవిడ గుడ్డ అందుకోబోతుంటే హైమవతి గొంతు సవరించుకుంది.

"టీచర్ గారండీ, అడక్కూడదు గానీ... అక్క చేతికి టేపుంది. రేపు రాజమండ్రిలో ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? రేకు తీసింది చెయ్యా, టేపా?"

సంఘం నియమావళిలో టేపు ప్రస్తావన లేదు. టీచర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటే హైస్కూల్లో ఎవరో ఒకరు ఫెయిలయ్యేవారు. శ్రీసుధ ఏదో చెప్పబోయింది.

పాపాయి చెయ్యి అడ్డుపెట్టింది. చుట్టూ చూసింది. "ఆ నూనెగిన్నె ఇటివ్వండి," అంది.

టేపు మీద నూనె పోసి, బొటనవేలినుంచి మోచేతిదాకా నిదానంగా రాసింది. పది నిమిషాలు కూర్చుంది. పదిహేనుమంది ఆడవాళ్లు ఒక్కచోట పది నిమిషాలు మాట్లాడకుండా ఉండటం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు. తర్వాత పాపాయి టేపు కొసను గోటితో లేపి, చర్మాన్ని రెండో చేత్తో అదిమిపట్టి, కుండమీంచి రేకు తీసినట్టే తీసింది. చిరగలేదు, ముడతపడలేదు. ఒక్క ముక్కగా వచ్చింది. దాన్ని మడిచి తోటికోడలి చేతిలో పెట్టింది.

"ఇదుగో. దాన్ని కుండ ముందు కూచోబెట్టు. తీత్తదేమో చూద్దాం."

శ్రీసుధ పళ్లు బిగించుకుంది గాని ఆపలేదు. ఆరు వారాల కిందట టేపు లేకుండా గ్లాసు ఎత్తినా ఆ చెయ్యి మూలిగేది. ఇప్పుడు సంగతి వేరని ఆవిడకు తెలుసు. సీసాలు ఎత్తింది టేపు కాదు.

పాపాయి గుడ్డ ముంచింది, పిండింది, పరిచింది. విసిరింది. మణికట్టు కదల్లేదు, మోచెయ్యి కదిలింది. అత్తగారి విసురు కాదది. పాపాయి విసురు. కుండమీద తెల్లటి ఊపిరి లాంటిదేదో లేచింది.

పత్రిక మీద పరిచాక రేకెక్కడుందో తెలియక టీచర్ గారు ఒక్కక్షణం వెతికారు.

"...వరునికి తగిన వధువు కావలెను. కట్నం ప్రసక్తి లేదు. వంట వచ్చి ఉండవలెను. పూతరేకులు అదనపు అర్హత," అని చదివి ఆగారు. "ఆ చివరి వాక్యం నేను కలిపానర్రా. మిగతాదంతా ఉంది. ఫోన్ నెంబరు కూడా ఉంది. ఆరు, మూడు, సున్నా..."

మిగతా అంకెలు చప్పట్లలో కలిసిపోయాయి. వీరాస్వామి అప్పటికే గేటు దాటాడు. టీ కొట్టుకు వార్త చేరవేయాలి.

శ్రీసుధ పాపాయి చెయ్యి పట్టుకుని గుప్పిట మూయించి, చిటికెనవేలి వైపు వంచింది. పాపాయి మొహంలోకి చూసింది. పాపాయి నవ్వింది తప్ప అయ్‌బాబోయ్ అనలేదు.

"అయినా రాజమండ్రిలో యాభై తీశాక ఆగాలండి. పావుగంట రెస్టు."

"ఆగుతానండి. ఆ పావుగంట మా హైమ కూచుంటాది. దానికీ పెళ్లికొడుకు కనబడ్డాడుగా."

అందరూ వెళ్లాక హైమవతి మాత్రం కదలకుండా నిలబడి ఉంది. మడిచిన టేపు ఇంకా చేతిలోనే ఉంది. ఆరు వారాలుగా ముప్పావు వంతు ఆర్డర్లు తీసిన చెయ్యి అది.

"అక్కా," అంది మెల్లగా. "నాక్కూడా వారంనుంచీ... ఈ బొటనవేలి మొదట్లో..."

పాపాయి ఆ చేతిని అందుకుని, బొటనవేలు గుప్పిట్లో పెట్టి మూసి, చిటికెనవేలి వైపు వంచింది.

"అయ్‌బాబోయ్!" అంది హైమవతి.

"తెలిసింది," అంది పాపాయి. "పొద్దున్నే రావులపాలెం ఎళ్దాం. మీ ఇంట్లో కూడా ఇటుకలు పెట్టించు." నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "ఒసే, చేతికి నూనె మాత్రం రాసుకోకు."